కాగితం మీద గులాబీ

గత వేసవి సెలవుల్లో బడంగ్‌పేట్‌లో మా ఇంటి ముందు గదిలో చుట్టుపక్కల పిల్లలకు డ్రాయింగ్ నేర్పాను. వచ్చినవారిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. కొండలు, ఇళ్లు, సూర్యోదయం వేయమంటే ఏదో వేసి పక్కన పెట్టేది. గులాబీ వేయమంటే మాత్రం తల ఎత్తేది కాదు. కారణం తర్వాత తెలిసింది. వాళ్ల నాన్న పూల వ్యాపారం చేస్తారు. తెల్లవారకముందే బండి మీద గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లి గులాబీలు తెచ్చి, చంపాపేట వైపు రోడ్డు పక్కన అమ్ముతారు. ఇంట్లో రేకులు ఏరడం, దండలు కట్టడం ఈ అమ్మాయి పని. చూసి చూసి ఆ పువ్వు ఆమె చేతికి వచ్చేసింది.

రెండో వారంలో ఆయన మా గుమ్మం దగ్గర నిలబడి, ఎంతో మర్యాదగా రెండు మాటలు అడిగారు. "మేడమ్, బొమ్మలు గీసుడు మనకు మంచిది కాదంటరు గదా. ఇంకో మాట. పొద్దున తెచ్చిన పువ్వు రాత్రికి వాడిపోతది. నేను రోజూ చూస్తున్న. అసొంటి దాన్ని కాగితం మీద పెట్టి మా బిడ్డ ఏం చేస్తది?"

అప్పుడు నిలువుకాళ్ల మీద ఏదో జవాబు చెప్పాను. అది నాకే చాలలేదు. ఆ రెండు ప్రశ్నలూ చిన్నవి కావు. పూలను చిత్రించే కళ మొత్తం వాటి చుట్టూనే తిరిగింది. మన ఇళ్లలో ఎందరో పిల్లల చేతిలోంచి కుంచె జారిపోయేది కూడా సరిగ్గా ఈ రెండు ప్రశ్నల దగ్గరే. అందుకే ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ తీరికగా చెప్పుకుంటాను.

వేయవచ్చా?

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. బొమ్మలు చేసి పొట్టపోసుకునే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరకు వచ్చి తన పని గురించి అడిగాడు. ప్రాణమున్న వాటి రూపాలు చేయడం గురించి దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను ఆయన వినిపించారు. ఆ మనిషి ముఖం పాలిపోయింది. అప్పుడు ఆయన, చేయక తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వాటిని చేసుకోమని దారి చూపించారు. పని మానేసి పస్తుండమని ఆయన చెప్పలేదు. అతని చేతిలోని విద్యకు ఒక వైపు తలుపు మూసి, ఇంకో వైపు తెరిచారు.

ప్రాణుల చిత్రాల విషయంలో పండితుల అభిప్రాయాలు ఎన్నో విధాలుగా ఉన్నాయి. వాటి జోలికి నేను వెళ్లను. చెట్లు, ఆకులు, పూల విషయంలో మాత్రం అత్యధికులకు అభ్యంతరం లేదు. తెరిచిన ఆ తలుపులోంచి మన కళాకారులు ఎంత దూరం నడిచారో చూడాలంటే ఖురాన్ ప్రతుల అంచులు చూడండి, మసీదు మిహ్రాబ్ చుట్టూ పాకిన తీగలు చూడండి, జానమాజ్ మీద నేసిన పూలు చూడండి. వేరే చోట్ల మనుషుల ముఖాలకు దక్కిన శ్రద్ధ అంతా ఇక్కడ ఒక రేకు ఒంపుకు దక్కింది.

రాజుల కొలువుల్లోనూ పువ్వుకు ప్రత్యేక స్థానం వచ్చింది. 1620లో జహంగీర్ చక్రవర్తి వసంతకాలంలో కాశ్మీర్‌లో ఉన్నప్పుడు ఉస్తాద్ మన్సూర్ చేత అక్కడి పూలను చిత్రింపజేశాడు. మన్సూర్ వేసినవి నూటికి పైనే అని తన ఆత్మకథలో రాసుకున్నాడు. వాటిలో మనదాకా వచ్చినవి చాలా కొద్ది. ఎర్రని తులిప్ చిత్రం ఒకటి అలీగఢ్‌లో భద్రంగా ఉంది. 1630ల తొలి సంవత్సరాల్లో షాజహాన్ కుమారుడు దారా షికోహ్ తన భార్య నాదిరా బాను బేగం కోసం ఒక చిత్రాల సంపుటి తయారు చేయించాడు. అందులోనూ పేజీల కొద్దీ పూలే. అది ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఇక గోల్కొండ విషయానికి వస్తే, రహీమ్ దక్కనీ అనే చిత్రకారుడు 17వ శతాబ్ది చివరి భాగంలో లక్క పూసిన పెట్టెల మీద, కలందాన్ల మీద వేసిన చిత్రాల్లో పూల కొమ్మలు కిక్కిరిసి కనిపిస్తాయి. ఆయన చిత్రించిన పెట్టె ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

వాడిపోయేదాన్ని ఎందుకు వేయాలి?

ఈ ప్రశ్న పూలు అమ్మే మనిషి నోట రావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఆయన నష్టం రోజూ ఆయన బుట్టలోనే కనిపిస్తుంది. అయితే ఇదే మాట సుమారు 770 ఏళ్ల కిందట షీరాజ్‌లో షేక్ సాదీ కూడా అన్నారు.

సాదీ 1258లో పూర్తి చేసిన గులిస్తాన్ మన తాతల కాలంలో మక్తబ్‌లలో పాఠ్యపుస్తకం. ఫారసీ నేర్చుకున్న ప్రతి ఇంట్లో ఒక ప్రతి ఉండేది. దాని ముందుమాటలో ఒక సన్నివేశం ఉంది. సాదీ, ఆయన మిత్రుడు ఒక తోటలో రాత్రి గడుపుతారు. తెల్లవారి బయల్దేరేటప్పుడు మిత్రుడు ఒడినిండా గులాబీలు, సువాసన ఆకులు కోసుకుంటాడు. తోట పువ్వుకు నిలకడ లేదు కదా అంటారు సాదీ. మరేం చేయమంటావని అడుగుతాడు మిత్రుడు. శిశిరపు గాలి తాకలేని గులాబీ తోటను నేను పుస్తకంగా రాసి ఇస్తానంటారు సాదీ. మిత్రుడు ఒడిలోని పూలు వదిలేసి ఆయన కొంగు పట్టుకుంటాడు. గులిస్తాన్ అనే మాటకు గులాబీ తోట అనే అర్థం.

పువ్వు వాడిపోతుందన్న సంగతి సాదీకి తెలియక కాదు, తెలిసినందుకే ఆయన కలం పట్టారు. చిత్రకారుడు కుంచె పట్టేదీ అందుకే. ఎప్పటికీ వాడని పువ్వు ఉంటే దాన్ని చిత్రించాల్సిన తొందర ఎవరికీ ఉండదు.

డచ్చివారి పూలకుండీ, మన మచిలీపట్నం

పూలను సీసాలోనో కుండీలోనో పెట్టి, దాన్నే మొత్తం చిత్రంగా వేసే పద్ధతిని స్టిల్ లైఫ్ అంటారు. కదలని వస్తువుల చిత్రం అన్నమాట. ఈ పేరు డచ్ భాష నుంచి వచ్చింది. ఫ్రెంచివారు ఇదే చిత్రాన్ని చచ్చిన ప్రకృతి అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఒకరికి అది నిలిచి ఉన్న ప్రాణం, ఇంకొకరికి పోయిన ప్రాణం. ఈ చిత్రాల అర్థమంతా ఆ రెండు పేర్ల మధ్యే ఉంది.

17వ శతాబ్దపు నెదర్లాండ్స్‌లో ఈ కళ పరాకాష్ఠకు చేరింది. అంబ్రోసియస్ బోస్‌చార్ట్ 1618 ప్రాంతంలో వేసిన ఒక చిత్రం హేగ్ నగరంలోని మౌరిట్స్‌హాయిస్ మ్యూజియంలో ఉంది. కిటికీలో ఒక గాజు పాత్ర, దాని నిండా పూలు. చూడగానే ఎదురుగా పెట్టుకుని వేసినట్టుంటుంది. కానీ వారి చలి దేశంలో తులిప్ వసంతంలో పూస్తుంది, గులాబీ వేసవిలో విచ్చుకుంటుంది. ఆ రెండూ ఒకే రోజు ఒకే పాత్రలోకి రావడం కష్టం. ఒక్కో పువ్వును దాని కాలంలో విడిగా వేసి దాచుకుని, తర్వాత వాటిని ఒక చోట చేర్చేవారు. ఏ తోటలోనూ దొరకని గుత్తి అది. పక్కనే ఆకు కొరుకుతున్న పురుగునో, రాలిన రేకునో, నీటి చుక్కనో పెట్టేవారు. ఈ అందమంతా పోయేదే, మనసు పారేసుకోకు అని చెప్పడం దాని ఉద్దేశం. ఖురాన్‌లో సూరా హదీద్ 20వ వాక్యం చదివినవారికి ఈ భావం కొత్త కాదు. ప్రాపంచిక జీవితాన్ని అక్కడ వానకు ఏపుగా పెరిగి, రైతును మురిపించి, చివరికి పచ్చబడి పొట్టుగా మారే పైరుతో పోల్చడం జరిగింది.

ఆ డచ్చివారికీ మన తెలుగు నేలకూ సంబంధం ఉంది. గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నంలో డచ్ వర్తకులు 1605-06 నాటికే స్థావరం పెట్టారు. అక్కడి నుంచి వారు ఓడలకెత్తిన సరుకులో ముఖ్యమైనది కలంకారీ బట్ట. కలం, కారీ రెండూ ఫారసీ నుంచి వచ్చిన మాటలే. ఎరుపుకు చిరివేరు, బట్ట రంగు పట్టడానికి కరక్కాయ, నలుపుకు బెల్లం నీళ్లలో ఊరబెట్టిన ఇనుప ముక్కలు. ఈ సరంజామాతో మన పనివారు వేసిన పూల తీగలు ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్లలో దుప్పట్లు, పరదాలు, ఆడవాళ్ల గౌన్లు అయ్యాయి. మనుషులూ ప్రయాణించారు. హార్లెం నగరానికి చెందిన చిత్రకారుడు కోర్నెలిస్ హేడా 1610 ప్రాంతంలో బీజాపూర్ సుల్తాన్ రెండో ఇబ్రాహీం ఆదిల్‌షా కొలువులో చేరాడు. అటు యూరప్‌లో అచ్చయిన పూల బొమ్మల పుస్తకాలు ఇక్కడి దర్బారు చిత్రకారుల చేతికి వచ్చాయి. పూల చిత్రం ఒక్క దేశపు సొత్తు కాదు.

ఆడపిల్లల తల్లిదండ్రుల కోసం ఒక పేరు చెప్పాలి. రేచల్ రాయిష్ 1664లో హేగ్‌లో పుట్టారు. ఆమె తండ్రి శరీర శాస్త్రవేత్త, వృక్షశాస్త్ర ఆచార్యుడు. ఆయన సేకరించిన మొక్కలు, పురుగుల నమూనాలే ఆమెకు తొలి పాఠాలు. పదిమంది పిల్లలను కన్నారు, కుంచె మాత్రం వదల్లేదు. 1701లో హేగ్ చిత్రకారుల సంఘంలో సభ్యత్వం పొందారు. తర్వాత జర్మన్ రాజకొలువుకు చిత్రకారిణి అయ్యారు. 80 ఏళ్లు దాటాక కూడా తన చిత్రాల మీద వయసు రాసి సంతకం చేశారు. జీవితమంతా ఆమె వేసినవి ముఖ్యంగా పూలే.

గులాబీ ఏం చెబుతుంది?

అన్ని పూలలో గులాబీకే ఇన్ని అర్థాలు ఎందుకు వచ్చాయి? ఆ మొక్కను చూస్తే తెలుస్తుంది. ఒకే కొమ్మ మీద ముల్లు, మొగ్గ, విచ్చిన పువ్వు, రాలే రేకు అన్నీ కనిపిస్తాయి. మనిషి బతుకులోని దశలన్నీ ఒక్క చూపులో దొరుకుతాయి.

ముల్లు ఓర్పుకు గుర్తు. ఫారసీ, ఉర్దూ కవిత్వంలో గుల్, ఖార్ అనే జంట పదాలు తరచూ వస్తాయి. ముల్లును భరించనివాడికి పువ్వు లేదని భావం. క్రైస్తవ చిత్రాల్లో మర్యమ్ (అలై)కు గుర్తుగా ముళ్లు లేని గులాబీని చెప్పుకున్నారు. ఒకరు ముల్లు ఉంచి చెప్పినదాన్ని, ఇంకొకరు ముల్లు తీసి చెప్పారు.

మొగ్గ దాచుకున్న మాట. పాతకాలపు యూరప్‌లో గులాబీ కింద మాట్లాడిన మాట బయటకు పొక్కకూడదని ఒక ఆనవాయితీ ఉండేది. గది పైకప్పుకు చెక్కే గుండ్రని పువ్వుకు, ఆ ఆనవాయితీకి సంబంధం ఉందంటారు.

గులాబీ పక్కన బుల్‌బుల్ ఉంటే అది ప్రేమ చిత్రం. ఇరాన్‌లో గుల్-ఓ-బుల్‌బుల్ పేరుతో ఒక చిత్రకళా సంప్రదాయమే నడిచింది. పువ్వు అందనిది, పిట్ట దాని కోసం పాడేది. సూఫీలు దీన్ని దాసుడు తన ప్రభువు కోసం పడే తపనగా చెప్పుకున్నారు. వారి బుల్‌బుల్ రాత్రిపూట కూడా పాడే వేరే పక్షి. మనం బుల్‌బుల్ అనే పిగిలిపిట్ట మన పెరట్లో కూసేది. ప్రాణుల రూపం వేయడానికి ఇష్టపడనివారు పిట్టను వదిలేసి పువ్వునే వేశారు. తెలిసినవారికి ఆ ఖాళీలో పాట వినిపిస్తుంది.

రంగులకు చెప్పే అర్థాలు మాత్రం దేశాన్ని బట్టి మారతాయి. పసుపు గులాబీ ఒకచోట అసూయ, మరోచోట స్నేహం. వాటిని గట్టిగా పట్టుకోనక్కర్లేదు.

ఒక విషయంలో జాగ్రత్త అవసరం. గులాబీ దైవప్రవక్త (స) చెమట చుక్క నుంచి పుట్టిందని మన పెద్దలు ప్రేమతో చెప్పేవారు. టర్కీ నుంచి దక్కను దాకా ఈ మాట వినిపిస్తుంది. హదీసు పండితులు దీన్ని ప్రామాణికంగా అంగీకరించలేదు. ప్రామాణికంగా వచ్చిన మాట వేరే ఉంది, అది ఎంతో అందమైనది. ఎవరైనా సువాసన గల పువ్వునో ఆకునో ఇస్తే కాదనవద్దని, అది మోయడానికి తేలిక, వాసనకు హాయి అని సహీహ్ ముస్లింలో ఉంది.

పన్నీరు మాట

గులాబీ అనే మన మాటలోనే ఒక కథ ఉంది. ఫారసీలో గుల్ అంటే పువ్వు, ముఖ్యంగా గులాబీ. ఆబ్ అంటే నీరు. అంటే గులాబ్ అనేది మొదట పువ్వు పేరు కాదు, మనం పన్నీరు అనే ఆ నీటి పేరు. మన దేశానికి వచ్చాక నీటి పేరే పువ్వుకు అంటుకుంది. తెలుగులో రోజా అనే ఇంకో పేరు పోర్చుగీసువారి నుంచి వచ్చింది. పెళ్లిలో అతిథుల మీద పన్నీరు చల్లే వెండి బుడ్డి మన ఇళ్లలోనూ ఉంది, హిందువుల ఇళ్లలోనూ ఉంది.

నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు తీస్తుండగా వేడి పన్నీరు మీద తేలిన జిడ్డును పోగు చేసి అత్తరు కనిపెట్టిందని జహంగీర్ రాశాడు. ఒక కిలో గులాబీ నూనె రావాలంటే 3,000 కిలోలకు పైగా పూలు కావాలి. అంత పువ్వూ రూపం పోగొట్టుకుంటే ఆ కాస్త పరిమళం మిగులుతుంది. అత్తరు చేసేవాడు రూపం వదిలి వాసన దాస్తాడు. చిత్రకారుడు వాసన వదిలి రూపం దాస్తాడు. పువ్వు మొత్తాన్ని దాచడం ఇద్దరి వల్లా కాదు, అది సృష్టికర్త పని. మన చేతికి అందేది ఏదో ఒక వైపు మాత్రమే అని తెలిసి చేసే పనిలో వినయం దానంతట అదే వస్తుంది.

మన దగ్గరే చూడవచ్చు

వీటిని చూడటానికి విదేశాలకు వెళ్లనక్కర్లేదు. బడంగ్‌పేట్ నుంచి సంతోష్‌నగర్ వైపు వెళ్తే పిసల్‌బండలో పైగా సమాధులు ఉన్నాయి. 18వ శతాబ్ది చివరి నుంచి పైగా నవాబుల కుటుంబం వారిని అక్కడ ఖననం చేస్తూ వచ్చారు. గచ్చు సున్నంతో చేతిపనిగా తీర్చిన తీగలు, పూలు, జాలీలు కమాను కమానుకూ మారతాయి. సున్నం ఆరేలోపు పని ముగించాలి, తప్పు పోతే దిద్దడానికి వీలుండదు. మరణించినవారి చుట్టూ వాడని తోట వేయడంలో స్వర్గం మీద ఆశ ఉంది.

పాతబస్తీలో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద రంగుల పలకల పని ఉంది. 1908 మూసీ వరదకు కొన్ని పలకలు పాడైతే, ఆ చోట రంగులతో అదే నమూనా చిత్రించారు. అసలు పలక ఎక్కడ ఆగిందో, కుంచె ఎక్కడ మొదలైందో పిల్లలను వెతకమనండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో దక్కనీ చిత్రాలతోపాటు బిద్రీ పాత్రలు చూడండి. నల్లని లోహంలో వెండి తీగతో పొదిగిన పూలు అవి.

చూసేటప్పుడు నాలుగు విషయాలు గమనిస్తే చాలు. పువ్వు ఏ దశలో ఉంది? ముల్లు ఉంచారా, తీసేశారా? పక్కన ఏముంది? రాలిన రేకు ఉందా? ఈ నాలుగింటికి జవాబు దొరికితే చిత్రం సగం మాట్లాడినట్టే.

గీయడం మొదలుపెట్టాలంటే

మా తరగతిలో సామాను తక్కువ. ఒక స్టీలు గ్లాసులో నీళ్లు, ఒక గులాబీ, ఒక వైపు నుంచి వెలుతురు వచ్చే కిటికీ. మొదట రేకులు లెక్కపెట్టవద్దు. పువ్వు మొత్తాన్ని ఒక చిన్న గిన్నెలా గీయాలి. తర్వాత నడిమి నుంచి సుడి తిరిగినట్టు రేకులు విప్పుకుంటూ రావాలి. కింద పచ్చని రక్షక పత్రాలు ఐదు ఉంటాయి. ఆకు ఒక్కటిగా ఉండదు, ఒకే కాడ మీద ఐదో ఏడో చిన్న ఆకులు ఉంటాయి. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, ఎందుకంటే వాళ్లు పువ్వును చూడకుండా గ్రీటింగ్ కార్డును గుర్తు చేసుకుని వేస్తారు. ఎరుపు రంగును డబ్బాలోంచి నేరుగా పూయవద్దు. నీడ ఉన్న చోట కాస్త నీలం కలపాలి, వెలుతురు పడిన చోట నీళ్లు ఎక్కువ కలపాలి. ఎండాకాలంలో అరగంట దాటితే రేకు వంగడం మొదలవుతుంది. వంగితే అలాగే వేయమంటాను. అదీ పువ్వే కదా.

ఆ పూల వ్యాపారికి ఈ సంగతుల్లో కొన్ని మరోసారి కలిసినప్పుడు చెప్పాను. ఇబ్నె అబ్బాస్ (రజి) మాట శ్రద్ధగా విన్నారు. మసీదు ఇమాం సాబ్‌ను కూడా అడుగుతానన్నారు. అడిగారో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. నాలుగు రోజుల తర్వాత అమ్మాయి తరగతికి వచ్చింది. చేతిలో న్యూస్‌పేపర్లో చుట్టిన గులాబీలు. కొన్నింటికి కాడ విరిగింది, కొన్నింటికి అంచులు నల్లబడ్డాయి.

"అబ్బా పంపిండు మేడమ్. ఇవి అమ్ముడుపోవంట. గీసుకోమన్నడు."

ఆ రోజు అందరూ వాటినే వేశారు. ఆ అమ్మాయి మాత్రం అంచు నల్లబడిన పువ్వును ఎంచుకుంది. ఆ నల్లని అంచును ఒక్క గీత కూడా దాచకుండా వేసింది. బడి తెరిచాక సెలవుల తరగతి ఆగిపోయింది. ఇప్పటికీ ఆదివారం పొద్దున అప్పుడప్పుడు మా గుమ్మంలో న్యూస్‌పేపర్ పొట్లం ఒకటి కనిపిస్తుంది.